పద్నాలుగో సాలు

శవాన్ని తీసుకెళ్ళిన గంటకు గానీ నన్ను చేలోకి రానివ్వలేదు. అప్పటికి తొమ్మిదీ పది. నిందితుణ్ణి కోర్టుకు తీసుకెళ్ళాల్సిన జీపు గేటు దగ్గర మొహం రోడ్డు వైపు తిప్పుకుని నిలబడి ఉంది. అది పన్నెండింటికి కదులుతుంది. ఈలోపల నేను ఏం తేల్చినా తేల్చినట్టు, లేకపోతే లేదు.

నన్ను పిలిపించింది చచ్చిపోయినవాడి భార్య. పట్టుబడ్డవాడు ఆమె సొంత తమ్ముడు. పొద్దున ఏడింటికి ఆమెకి మొగుడూ ఉన్నాడు, తమ్ముడూ ఉన్నాడు. ఎనిమిదిన్నర కల్లా ఒకడు ఆస్పత్రి బండిలో, ఒకడు బేడీల్లో.

"అన్నా, మా ఆయన్ని ఎలాగూ తేలేవు. వాణ్ణయినా విడిపించు," అంది. ఏడవలేదు. ఏడ్చేవాళ్ళకి ఏదో ఒకటి చెప్పి ఒప్పించవచ్చు. ఏడవనివాళ్ళ ముందు నిలబడటమే కష్టం.

చేను నలభై ఎకరాల పత్తి. మధ్యలో బండ్ల బాట. బాటకి ఎడమ పక్క ఇరవై ఎకరాలకీ కొట్లో దొరికే పురుగు మందులు కొడతారు. కుడి పక్క ఇరవైకీ మందన్నదే ముట్టరు. అక్కడ చల్లేది తెల్లమట్టి. పిండిలా ఆడించిన మట్టిని నీళ్ళలో కలిపి చల్లితే, ఆరాక ఆకు మీద సున్నం వేసినట్టు పొర కడుతుంది. తెల్లదోమకి ఆ ఆకు ఆకులాగే కనపడదు. వాలినా కాలు నిలవదు, గుడ్డు పెట్టదు. చావదు గానీ విసుగెత్తి వెళ్ళిపోతుంది. ఈ పద్ధతి తెచ్చిన ఆవిణ్ణి ఇక్కడందరూ మట్టి మేడమ్ అంటారు. కుడి పక్క బాగుందా ఎడమ పక్క బాగుందా అన్నది వారం ఆఖర్న చెట్లు చూసి తేలుస్తారు. గెలిచిన పద్ధతే వచ్చే ఏడు చుట్టుపక్కల చేలన్నిటికీ.

కుడి పక్క చేలో, మట్టి పంపు వీపున ఉండగా, పద్నాలుగో సాల్లో అతను చచ్చిపోయాడు. నోట్లో నురగ. పక్కన పురుగు మందు సీసా.

"వచ్చావా," అన్నాడు గట్టు మీద నిలబడ్డ ఇన్‌స్పెక్టరు. ఇరవై ఏళ్ళ కింద ఇద్దరం ఒకే స్టేషన్లో కానిస్టేబుళ్ళం. అతను పై అధికారుల మాటకి తల ఊపి పైకి పోయాడు, నేను అడ్డం ఊపి బయటికి పోయాను. "నీకు కుర్చీ వేయిద్దామనుకున్నా. ఈలోపే కేసు అయిపోయింది."

"అయిపోయిందా, అవగొట్టావా?"

"విను మరి. బావా బావమరుదులు నిన్న సాయంత్రం గొడవపడ్డారు. నలుగురు విన్నారు. ఇవాళ మట్టి కలిపి పంపు నింపింది బావమరిది. మందుల గది తాళం చెవులు రెండే ఉన్నాయి, ఒకటి అతని దగ్గర, ఒకటి మేస్త్రీ దగ్గర. పంపులో మందు కలిపి ఇచ్చాడు. ఆ తుంపర పీల్చి బావ పోయాడు. తనే తాగాడనుకోవాలని సీసా పక్కన పడేశాడు."

"అతనేమంటాడు?"

"ఏమీ అనడు. అదే గదా నేననేది. చేయనివాడు అరుస్తాడు, ఒట్లు పెడతాడు, కాళ్ళు పట్టుకుంటాడు. ఇతను బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు."

"నువ్వడిగావా, కొట్టావా?"

"రెండూ అయ్యాయి," అన్నాడు, చొక్కా మడత సరిచేసుకుంటూ.

మట్టి కలిపే షెడ్డులో బావమరిది ఒక బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. బేడీల పైన మోచేతుల దాకా చేతులు తెల్లగా, గోడకి సున్నం వేసి వచ్చినట్టున్నాయి. పెదవి చిట్లింది.

"పంపు ఎన్నిసార్లు నింపావు?"

"నాలుగు."

"ఎప్పుడెప్పుడు?"

"ఆరింటికి మొదలు. ఇరవై అయిదు నిమిషాలకొకటి. ఆఖరుది ఏడుంబావుకి."

"ఒక నింపుకి ఎన్ని సాళ్ళు?"

"నాలుగు. పంపుకి పదహారు లీటర్లు, సాలుకి నాలుగు. సాలుకి అయిదు నిమిషాలు."

"మట్టి సరిగ్గా వడగట్టావా?"

అప్పుడు తల ఎత్తాడు. "రెండుసార్లు, పాత చీర గుడ్డలో. అయినా నాజిల్ ఎప్పుడో ఒకప్పుడు పూడుతుంది సార్. నడక మందగిస్తే మట్టి అడుక్కి దిగుతుంది. అందుకే ఊగుతూ నడవాలి. మా బావ ఊగితే చూసి తీరాలి, పెళ్ళి ఊరేగింపులో ముందు నడిచేవాడిలా..."

"నిన్న గొడవ దేనికి?"

తల దించుకున్నాడు.

"మీ అక్క బయట ఎండలో నిలబడింది. నీ కోసమే."

"అందుకే అడగొద్దంటున్నా సార్."

నేను ఇంకో మూడు రకాలుగా అడిగాను. మూడింటికీ అదే జవాబు.

పంపు గట్టు మీద గోనెపట్టా పైన పెట్టి ఉంది. కానిస్టేబుల్ కాపలా. తొట్టి పక్కన లీటర్ల గీతలున్నాయి. వంగి చూశాను. పది లీటర్లు మిగిలింది. ఏడుంబావుకి పదహారు నింపారు, ఆరు ఖర్చయింది. అంటే ఒకటిన్నర సాలు. పదమూడో సాలు మొత్తం, పద్నాలుగులో సగం. టైము చూస్తే ఏడూ ఇరవై మూడు దగ్గర చల్లడం ఆగిపోయింది.

చల్లే గొట్టం చివర చూశాను. మర ఉంది. మర మీద నాజిల్ లేదు.

"దీని నాజిల్ ఎవరు తీశారు?"

"ఎవరూ తీయలేదు సార్. ఇలాగే తెచ్చాం," అన్నాడు కానిస్టేబుల్.

"శవం జేబులో ఏమున్నాయి?"

కాగితం చూసి చదివాడు. "బీడీ కట్ట, అగ్గిపెట్టె, ఇత్తడి సామాను ఒకటి."

తీయించి చూశాను. ఆ ఇత్తడి సామానే నాజిల్. దాని బెజ్జం నిండా మట్టి గట్టిపడి ఉంది. పూడినదాన్ని తీసి జేబులో వేసుకున్నాడు, బాగానే ఉంది. దాని బదులు బిగించాల్సిన రెండోది ఏది?

సాళ్ళలోకి దిగాను. పదమూడు సాళ్ళూ ఒకే తెలుపు. పనిమంతుడు, ఎక్కడా ఎక్కువ తక్కువల్లేవు. పద్నాలుగో సాలు సగం దాకా అంతే. అక్కడ రెండు చెట్ల మీద మట్టి ముద్దలు ముద్దలుగా పడింది, నాజిల్ పూడేముందు కక్కుతుంది కదా, అలా. ఆ తర్వాత చెట్టు, పోయినసారి తెలుపు మచ్చలు తప్ప, పచ్చగా ఉంది. దాని మొదట్లోనే అతను పడిపోయిన గుర్తు.

తెల్ల ఆకుల్ని తిప్పి తిప్పి చూశాను. ఒక అక్షింతల పురుగు ఎర్రటి వీపు మీద తెల్ల దుమ్ముతో ఎక్కడికో పోతోంది. కాండం మీద చీమల బారు. పన్నెండో సాల్లో ఒక సాలీడు రెండు కొమ్మల మధ్య కొత్త గూడు అల్లుతోంది.

ఇన్‌స్పెక్టరుని పిలిచాను.

"మనిషిని చంపేంత మందు ఈ పంపులో కలిస్తే, దీనికేం కాలేదేం?" అని అక్షింతల పురుగుని చూపించాను.

"పురుగు సాక్ష్యమా?"

"నీ సాక్షుల కంటే నయం. దీన్ని ఎవరూ కొట్టలేదు. సీసా చూపించు."

చూపించాడు. మెరుస్తోంది. మూత దగ్గర్నుంచి అడుగు దాకా ఒక్క తెల్ల మరక లేదు.

"చచ్చినవాడి చేతులు ఎలా ఉన్నాయి?"

"తెల్లగా."

"షెడ్డులో కూర్చున్నవాడివి?"

షెడ్డు వైపు తల తిప్పాడు.

"మోచేతుల దాకా మట్టి. వాడు ఈ సీసా పట్టుకునుంటే దీని మీద వేళ్ళు అచ్చు పడేవి. దీన్ని ఇక్కడ పెట్టింది మట్టి ముట్టనివాడు."

"తుడిచి పెట్టాడనుకో."

"దేంతో? వాడి చొక్కా కూడా తెల్లగానే ఉంది."

ఇన్‌స్పెక్టరు మెడ ఎర్రబడింది. "చూడు, నీకు ఉద్యోగం పోయింది ఈ తెలివితోనే. నాకు ఫొటోగ్రాఫరు పదకొండింటికి వస్తాడు. వాడి వీపునే పంపు పెట్టి, జరిగిందంతా మొదట్నుంచీ చేయించి ఫొటోలు తీయించుకుని పట్టుకుపోతాను. నీ పురుగుల్ని నువ్వు కోర్టుకు తోలుకురా."

"కొంచెం ఆగు," అన్నాను. పచ్చ చెట్టు కింద నాకు ఇంకొకటి కనపడింది. కొమ్మల సందున దూర్చిన ఆకుల కట్ట, పురికొసతో కట్టినది. ఆకులు వాడిపోయాయి. వాటి మీద మట్టి పొర లేదు. వెనక్కి తిప్పితే తెల్లదోమ పిల్లలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఈ సాల్లో పెరిగిన ఆకు అయితే పోయినసారి చల్లిన తెలుపు మిగిలి ఉండాలి. ఎవరో ఎడమ పక్క నుంచి పురుగు పట్టిన ఆకులు కోసుకొచ్చి, కుడి పక్క చెట్ల మీద పెంచుతున్నారు. అటు పక్క ఇంకో రెండు చెట్లు వెతికితే ఇంకో కట్ట దొరికింది.

ఇన్‌స్పెక్టరు కట్టని అటూ ఇటూ తిప్పాడు. "చెత్త," అని పారేసి వెళ్ళిపోయాడు.

నేను ఏరుకుని జేబులో పెట్టుకున్నాను.

గట్టెక్కితే ఆమె ఉంది, అదే ఎండలో.

"అమ్మా, నాజిల్ పూడితే మీవాళ్ళు ఏం చేస్తారు?"

"ఇంకోటి మారుస్తారు. మార్చేముందు నోట్లో పెట్టుకుని ఈల వేస్తారు. ఈల పలికితే దారి ఉన్నట్టు. పలక్కపోతే గట్టిగా పీల్చి ఉమ్ముతారు."

"నోట్లోనా?"

"మందు కొట్టేవాళ్ళు చచ్చినా నోట పెట్టరన్నా. వీళ్ళకి మట్టే కదా అని భయం పోయింది. ఎన్నిసార్లు తిట్టానో. మట్టి తింటే బలమే అనేవాడు."

పంపులో ఏమీ కలపక్కర్లేదు. ఈ పనివాళ్ళ అలవాటు తెలిసినవాడు చాలు.

"ఆ రెండో నాజిల్ వీళ్ళకి ఎవరిస్తారు?"

"రోజూ పొద్దున మేస్త్రీయే డబ్బాలో వేసి షెడ్డు గూట్లో పెట్టి పోతాడు."

మేస్త్రీ మందుల గదిలో దొరికాడు. నీలం చొక్కా, నూనె రాసి దువ్విన తల. నన్ను చూడగానే కుర్చీ లాగి తుడిచాడు. అప్పుడు పదీ యాభై.

"మొదట చూసింది మీరేనట."

"నేనే సార్. గట్టు మీద నిలబడి చూస్తున్నా. చల్లుతూ చల్లుతూనే కూలిపోయాడు. వెంటనే కేక పెట్టాను."

"ఎన్నింటికి?"

"మిల్లు కూత వేసేటప్పటికి. ఏడూ ముప్పావు."

"శవాన్ని ముట్టుకున్నారా?"

"అబ్బే. పంపుని కూడా ముట్టుకోలేదు. పోలీసులు వచ్చేదాకా దూరంగానే ఉన్నా."

"ఏడూ ముప్పావు దాకా చల్లుతూనే ఉన్నాడన్నమాట."

"అవును సార్."

"అయితే పంపు ఖాళీ అయిపోవాలి మేస్త్రీ. ఏడుంబావుకి నింపితే ఏడూ ముప్ఫై అయిదుకి చుక్క మిగలదు. అందులో పది లీటర్లుంది."

అతని నవ్వు పెదవుల మీద అలాగే ఉండిపోయింది, దించడం మర్చిపోయినట్టు.

"నా వాచీ..."

"వాచీ సంగతి వదిలేయండి. చల్లుతూ పడ్డవాడి పంపుకి నాజిల్ ఎందుకు లేదు?"

"ఊడిపోయుంటుంది."

"మర విప్పందే ఊడదు. ఏడూ ఇరవై మూడుకి అతను ఆగాడు. పూడిన నాజిల్ విప్పి జేబులో వేసుకున్నాడు. మీరిచ్చింది తీసి నోట పెట్టాడు. ఈల పలకలేదు, పీల్చాడు. పడిపోయాడు. మీరు కదలిక ఆగేదాకా చూశారు. వెళ్ళి చేతిలోది తీసుకుని, సీసా పెట్టి, గట్టెక్కి అప్పుడు కేకేశారు. మీ చేతులు బల్ల మీద పెట్టండి."

"ఎందుకు సార్?"

"పెట్టమన్నా."

పెట్టాడు. శుభ్రంగా కడుక్కున్న చేతులు. కుడి చేతి బొటనవేలికీ చూపుడువేలికీ గోళ్ళ సందున మాత్రం తెల్లటి గీత. తక్కిన ఎనిమిది వేళ్ళకీ లేదు.

"పంపుని ముట్టుకోలేదన్నారు. ఈ మట్టి గోళ్ళలోంచి అంత తేలిగ్గా పోదు," అంటూ ఆకుల కట్ట తీసి అతని చేతుల మధ్య పెట్టాను. కట్టిన పురికొస ఉండ అతని వెనక గూట్లోనే ఉంది. నేను దాన్ని చూడటం అతను చూశాడు.

మనిషి ఒక్కసారి ముసలివాడయ్యాడు.

"మట్టి గెలిస్తే ఈ గదే అక్కర్లేదు సార్. నేనూ అక్కర్లేదు. పదహారేళ్ళు మందుల వాసన పీల్చి బతికాను. చల్లేవాళ్ళకి మట్టీ నీళ్ళూ చాలంటే మేస్త్రీ ఎందుకు? ఆకులే పెట్టాను. ఆకులతో పోయేదే." కళ్ళు తుడుచుకున్నాడు. "అతని మీద నాకేం కోపం లేదు సార్. నిజం. మంచివాడు."

ఆ మాట నాకు సరిగ్గా అతకలేదు. కోపం లేనివాణ్ణి ఎందుకు చంపాలి? కానీ అడగాల్సిన ప్రశ్న అంతకంటే తొందరది ఒకటి ఉంది.

"డబ్బాలో ఎన్ని పెట్టారు?"

అతని చూపు షెడ్డు వైపు పోయింది.

"ఎన్ని?"

"రెండు. రోజూ రెండే పెడతాను. ఏది తీస్తాడో తెలియదు గదా."

"రెండిటికీ పూశారా?"

తల ఊపాడు. "రెండోది తీసేద్దామంటే షెడ్డు దగ్గర పోలీసులున్నారు."

గదికి బయటి నుంచి గొళ్ళెం పెట్టి షెడ్డులోకి పరిగెత్తాను. గూట్లో డబ్బా ఉంది, మూత తీసి ఉంది. ఖాళీ. బకెట్టు మీద మనిషి లేడు. బయట గట్టు మీద గోనెపట్టా ఉంది, పంపు లేదు.

పదకొండూ అయిదు.

సాళ్ళకి అడ్డంగా పడి పరిగెత్తాను. కొమ్మలు విరిగాయి, తెల్ల దుమ్ము కళ్ళలో పడింది. దూరంగా ఇన్‌స్పెక్టరు గొంతు వినపడుతోంది. "నాజిల్ మార్చేటప్పుడు ఎలా చేస్తారో అలాగే చెయ్యి. ఫొటోగ్రాఫర్, చెయ్యి కనపడాలి." బావమరిది వీపున పంపు ఉంది. బేడీలు విప్పారు. ఎడమ చేతిలో గొట్టం, కుడి చేతిలో ఇత్తడి ముక్క. పదేళ్ళ అలవాటు, మనిషి ఆలోచించడు. చెయ్యి దానంతటదే నోటి వైపు లేచింది.

అరవడానికి నాకు ఊపిరి లేదు. వెళ్ళి వాడి మీద పడ్డాను.

ఇద్దరం చెట్ల మధ్య దొర్లాం. పంపు నా మోకాలి మీద పడింది. కానిస్టేబుళ్ళు నన్ను లాగారు. ఇన్‌స్పెక్టరు నా కాలరు పట్టుకున్నాడు.

"మతి పోయిందా నీకు? ఈసారి నిన్నే లోపలేస్తాను."

"అది ముట్టుకోకండి," అన్నాను, మట్టిలో పడ్డ నాజిల్ చూపిస్తూ. "కాగితంతో తీసి వాసన చూడు. దూరం నుంచి."

తీశాడు. మొహానికి జానెడు దూరం రాకముందే తల వెనక్కి లాక్కున్నాడు. లోపల చిన్న దూది ముక్క, నీళ్ళు కలపని మందులో నానినది. దాన్ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నా కాలరు వదిలి, నలిగిన చోట చేత్తో రెండుసార్లు సర్దాడు. అతని దగ్గర అంతకంటే క్షమాపణ దొరకదు.

మేస్త్రీని తేవడానికి ఇద్దర్ని పంపించాడు. ఈలోగా ఆమె గట్టు దిగి వచ్చింది. పరిగెత్తి తమ్ముడి మొహాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, పెదవులు తుడిచి, తుడిచి, మళ్ళీ తుడిచింది.

"తగల్లేదక్కా. తగల్లేదు."

నేను జరిగింది చెప్పాను. ఆకుల కట్టల మాట రాగానే వాడు తల ఊపాడు.

"మూడు రోజుల కింద చూశాను సార్, మేస్త్రీ పెడుతుంటే. మేడమ్‌కి చెప్తానని వాడి మొహానే అన్నాను. బావ మనకెందుకురా అన్నాడు. నిన్నటి గొడవ అదే."

"ఇదంతా పొద్దున నాకు చెప్పడానికి ఏమయింది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "దెబ్బలు తిన్నావు, కోర్టు దాకా పోయేవాడివి. ఇప్పుడో, ప్రాణం మీదికే వచ్చింది."

వాడు నేల చూస్తున్నాడు.

ఇన్‌స్పెక్టరుకి ఇరవై ఏళ్ళలో సరైన ప్రశ్న తట్టడం నేను చూసింది తక్కువ. ఆ తక్కువలో ఒకటి అప్పుడు తట్టింది. "చూసింది నువ్వు. బెదిరించింది నువ్వు. అలాంటప్పుడు విషం మీ బావకి పెట్టడమేంటి?"

మేస్త్రీ మాట అప్పుడు అతికింది నాకు. అతని మీద కోపం లేదు, ఆ విషమూ అతని కోసం పెట్టింది కాదు. "వదిలేయ్," అన్నాను ఇన్‌స్పెక్టరుతో. "అది తర్వాత."

"తర్వాతేంటి, ఇదే కదా..."

"వదిలేయమంటున్నానా?"

ఆలస్యమైపోయింది. ఆమె చేతులు తమ్ముడి మొహం మీద ఆగిపోయాయి.

"ఇవాళ పంపు నీ వంతు కదరా," అంది మెల్లగా.

"అక్కా, ఊరుకో."

"భుజం పట్టేసిందన్నావు రాత్రి." ఇన్‌స్పెక్టరుకి చెబుతున్నట్టే చెప్పింది, చాలా మామూలు గొంతుతో. "ఆయన పడుకుని ఉన్నాడు సార్. ఇవాళ సెలవు పెట్టుకున్నాడు. నేనే లేపాను. వాడు మొయ్యలేడు, వాడి బదులు మీరు వెళ్ళండి అన్నాను. ఇంకాసేపు అంటే దుప్పటి లాగేశాను."

వాడు దెబ్బలు తిన్నదీ, జైలుకు సిద్ధపడిందీ ఈ ఒక్క మాట ఆమెకి తట్టకూడదనే. నేను రెండు గంటలు కష్టపడి, ఒక్కొక్క ఆధారమే ఏరి, దాన్ని ఆమె దాకా తెచ్చిచ్చాను.

వాడు ఆమె వైపు ఒక అడుగు వేశాడు. ఆమె చేతులు వెనక్కి తీసుకుని రెండడుగులు వెనక్కి నడిచింది.